"ఏ మెషిన్ గురించండీ?": చాట్‌బాట్ వెనక నాలెడ్జ్ గ్రాఫ్ పెట్టాలనుకునేవారికి

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీది ముగ్గురున్న టీమ్. వాషింగ్ మెషిన్ల సర్వీస్ కోసం చాట్‌బాట్ చేశారు. నాలుగొందల పీడీఎఫ్ మాన్యువల్స్‌ని ముక్కలు చేసి, వాటి అర్థాన్ని అంకెలుగా మార్చి (ఎంబెడింగ్స్), ప్రశ్నకి దగ్గరి అంకెలున్న ముక్కల్ని వెతికి (వెక్టర్ సెర్చ్), వాటిని ఎల్‌ఎల్‌ఎంకి, అంటే భాష రాసే ఏఐకి, ఇచ్చి జవాబు రాయిస్తున్నారు. డెమోలో బాగానే ఉంది. జనం వాడటం మొదలయ్యాక బాట్ ఒక మెషిన్ మోడల్ జవాబు ఇంకో మోడల్‌కి చెప్తోంది. మీ మేనేజర్ "నాలెడ్జ్ గ్రాఫ్ పెట్టేయండి" అన్నారు, అంటే మోడల్, భాగం, కోడ్ లాంటి వస్తువుల్ని చుక్కలుగా (నోడ్స్), వాటి మధ్య సంబంధాల్ని బాణాలుగా (ఎడ్జ్‌లు) రాసిపెట్టుకునే డేటా. ఏ గ్రాఫ్ డేటాబేస్ కొనాలి, మాన్యువల్స్‌లోంచి గ్రాఫ్‌ని ఎల్‌ఎల్‌ఎంతోనే తీయించొచ్చా, దాన్ని సంభాషణకి ఎలా తగిలించాలి, గ్రాఫ్‌ఆర్‌ఏజీ అనే పద్ధతి పనికొస్తుందా, ఎన్నాళ్లు పడుతుంది. ఇవీ మీ సందేహాలు.

డేటాబేస్ గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తాను. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

మీ బాట్ సమాచారం లేక తప్పు చెప్పడం లేదు. "దేని గురించి మాట్లాడుతున్నాం?" అన్నది తేలకుండానే జవాబు చెప్పేస్తోంది, అదీ దాని జబ్బు. ఏ7 మాన్యువల్‌లోనూ ఏ7 ప్లస్ మాన్యువల్‌లోనూ "ఇ4 అని కనిపిస్తే" అంటూ మొదలయ్యే పేరా ఉంటుందనుకోండి. రెండూ దాదాపు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. కానీ ఒకదాంట్లో ఇ4 అంటే డోర్ సరిగా పడలేదని, రెండోదాంట్లో నీళ్లు రావడం లేదని. ఎంబెడింగ్ అంటే ఆ పేరా దేని గురించో ఉజ్జాయింపుగా పట్టే అంకెల వరస. "ప్లస్" అనే చిన్న మాట ఆ అంకెల్ని పెద్దగా కదిలించదు. వెక్టర్ సెర్చ్ దృష్టిలో ఆ రెండు పేరాలూ కవలలు. వాటిలో ఏది పైకి వస్తుందనేది దాదాపు బొమ్మా బొరుసే. ఎల్‌ఎల్‌ఎం పాపం చేతికిచ్చింది చదివి చక్కటి భాషలో తప్పు చెప్తుంది.

నాలెడ్జ్ గ్రాఫ్ మీకు పనికొచ్చేది ఇక్కడే. చాలామంది దాన్ని బాట్‌కి "ఎక్కువ జ్ఞానం" ఇచ్చే సాధనం అనుకుంటారు. నా అనుభవంలో దాని అసలు పని వేరు: ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో తేల్చడం, తేలనప్పుడు తేలలేదని ఒప్పుకోవడం. జవాబు వెతకడం దాని తర్వాతి పని. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ సులువవుతాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1970 ప్రాంతంలో ఎంఐటీలో టెర్రీ వినోగ్రాడ్ ష్రడ్లు అనే ప్రోగ్రామ్ రాశారు. తెర మీద కొన్ని దిమ్మలు, పిరమిడ్లు, ఒక పెట్టె. అంతే దాని లోకం. "పిరమిడ్‌ని పట్టుకో" అంటే, ఏ పిరమిడ్ అంటున్నారో అర్థం కాలేదని అది చెప్పేది. తన లోకంలో ఏ వస్తువులున్నాయో దానికి లెక్క తెలుసు కాబట్టే ఆ మాట అనగలిగింది. యాభై ఏళ్ల తర్వాత మన ఎల్‌ఎల్‌ఎంలు కవిత్వం కూడా రాస్తాయి గానీ, వాటి చేతికి అలాంటి లెక్క ఇవ్వకపోతే "ఏది?" అని అడగడం మానేసి ఏదో ఒకటి ఊహించేస్తాయి.

గూగుల్ 2012 మేలో తన నాలెడ్జ్ గ్రాఫ్‌ని పరిచయం చేసినప్పుడు చెప్పిన మాట కూడా ఇదే: థింగ్స్, నాట్ స్ట్రింగ్స్. అక్షరాలు ముఖ్యం కాదు, వాటి వెనకున్న వస్తువు ముఖ్యం. అదే ఏడాది అక్టోబరులో మొదలైన వికీడేటాలో దీన్ని కళ్లారా చూడొచ్చు. అక్కడ ప్రతి వస్తువుకీ క్యూతో మొదలయ్యే ఒక నంబరు ఉంటుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష క్యూ28865. పైథాన్ పాముకి వేరే నంబరు. పేర్లు ఒకటే అయినా వస్తువులు రెండు. అలాగే ఒకే వస్తువుకి వందల భాషల్లో వందల పేర్లున్నా నంబరు ఒక్కటే. మీరు కట్టబోయే గ్రాఫ్‌కి కూడా ఇదే పునాది. పేరు గుర్తింపు కాదు, పేరు ఒక లక్షణం మాత్రమే.

ఇక కట్టడం ఎలా? ఇక్కడ నేను చేసిన తప్పు ముందు చెప్తాను. చాలా ఏళ్ల కిందట పరిశ్రమల్లో వాడే యంత్రాలు చేసే ఒక కంపెనీకి ఇలాంటి పనే చేశాం. అందరం ఉత్సాహంగా తెల్లబోర్డు ముందు కూర్చుని ఆంటాలజీ, అంటే వస్తువుల రకాలు (క్లాసులు), వాటి సంబంధాల పటం, గీయడం మొదలుపెట్టాం. ఆరు నెలలు గీశాం. నూటికి పైగా క్లాసులు, వాటి మధ్య రకరకాల సంబంధాలు. "పంపు అనేది పరికరమా, భాగమా?" అని ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. బాట్ బయటికొచ్చాక లాగ్స్ (సంభాషణల రికార్డు) చూస్తే, జనం అడిగేవన్నీ ఏడెనిమిది రకాల ప్రశ్నలే. మేం గీసిన క్లాసుల్లో ముప్పావు వంతుని ఎవరూ తాకలేదు. పైపెచ్చు జనం ఎక్కువగా అడిగిన "పాత మోడల్ భాగం కొత్తదానికి సరిపోతుందా?" అన్నదానికి మా గ్రాఫ్‌లో సంబంధమే లేదు.

మాకు లేని అదృష్టం మీకుంది, బాట్ ఇప్పటికే నడుస్తోంది, లాగ్స్ ఉన్నాయి. అందులోంచి ఓ రెండు వందల సంభాషణలు వరసగా తీయండి, ఏరుకోకుండా. ముగ్గురూ కూర్చుని చేత్తో చదవండి. ప్రతి ప్రశ్న పక్కన మూడు విషయాలు రాయండి: ఇది ఏ వస్తువు గురించి, ఆ వస్తువు గురించి ఏం అడుగుతున్నారు, జవాబు చెప్పాలంటే ఇంకే వస్తువు దగ్గరికి వెళ్లాలి. ఈ పని ఎల్‌ఎల్‌ఎంకి అప్పజెప్పాలని చేతులు దురద పెడతాయి. మొదటి రెండు వందలకి వద్దు. చదువుతున్నప్పుడే మీ బుర్రలో స్కీమా, అంటే గ్రాఫ్‌లో ఏ రకాల నోడ్స్, ఎడ్జ్‌లు ఉండాలన్న నమూనా, తయారవుతుంది, అది ఎవరో సారాంశం రాసిస్తే వచ్చేది కాదు.

చదివాక ప్రశ్నలు వాటంతటవే విడిపోతాయి. "ఫిల్టర్ ఎలా శుభ్రం చేయాలి?" లాంటివి వివరణ అడిగేవి. వీటి జవాబు మాన్యువల్‌లోని పేరాయే, దాన్ని ముక్కలుగా నరికి గ్రాఫ్‌లో కుక్కకండి. పేరాని పేరాగానే ఉంచి, అది ఏ మోడల్‌కి వర్తిస్తుందో ఒక ఎడ్జ్ గీస్తే చాలు. రెండో రకం "ఏ7 ప్లస్‌లో ఇ4 అంటే ఏంటి?", "ఈ పంపు నా మెషిన్‌కి పడుతుందా?", "ఇన్వర్టర్ మోటార్ ఉన్న మోడల్స్‌లో దేనికి ఈ డోర్ లాక్ వాడరు?" లాంటివి. వీటిలో ఒక వస్తువు నుంచి ఇంకోదానికి కచ్చితంగా నడవాలి. పోలికలు, లెక్కింపులు, "కానివి" అడిగేవి వెక్టర్ సెర్చ్‌కి అసలు లొంగవు. గ్రాఫ్ వీటి కోసం.

మీ స్కీమా నేను ఊహించినంతలో ఇంత చిన్నది: సిరీస్, మోడల్, భాగం, ఎర్రర్ కోడ్, లక్షణం అంటే మనిషికి కనబడే ఇబ్బంది, చర్య, పత్రం. ఏడు రకాల నోడ్స్. వాటి మధ్య పదో పన్నెండో రకాల ఎడ్జ్‌లు. దీంతో మొదలుపెట్టండి. లాగ్స్ అడిగితేనే పెంచండి.

చిన్నదైనా రెండు మూడు చోట్ల జారిపోయే ప్రమాదం ఉంది. మొదటిది ఎర్రర్ కోడ్. "ఇ4" అనే ఒక్క నోడ్ పెట్టి దానికి అన్ని మోడల్స్‌నీ కలిపేశారనుకోండి, ఇప్పుడున్న జబ్బునే గ్రాఫ్‌లోకి మోసుకొచ్చినట్టు. తెర మీద కనిపించే "ఇ4" ఒక పేరు మాత్రమే. ఏ7లో ఇ4 ఒక వస్తువు, ఏ7 ప్లస్‌లో ఇ4 ఇంకో వస్తువు. రెండింటికీ వేరే ఐడీలు, ఒకటే పేరు. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ మీ ఫిర్యాదుల్లో సగం దీనితోనే పోతాయని నా అంచనా.

రెండోది మోడల్ వేరు, మెషిన్ వేరు. ఏ7 ప్లస్ అనేది ఒక నమూనా. మనిషి ఇంట్లో ఉన్నది దాని ఒక ప్రతి, దానికి సీరియల్ నంబరు, కొన్న తేదీ, ఇదివరకు మార్చిన భాగాలు ఉంటాయి. "వారంటీ ఉందా?" అన్నది ప్రతి గురించిన ప్రశ్న, "వారంటీ ఎన్నేళ్లు?" అన్నది మోడల్ గురించిన ప్రశ్న. ఈ రెండింటినీ ఒకే నోడ్‌లో కలిపితే తర్వాత విడదీయడం నరకం. కస్టమర్ వివరాలున్న ఆ భాగాన్ని ఉత్పత్తుల గ్రాఫ్‌కి దూరంగా, వేరే తాళం కింద ఉంచండి. సంభాషణలో సీరియల్ నంబరు వచ్చినప్పుడే అక్కడికి ఒక వంతెన వేసుకుని, పని అయ్యాక తీసేయాలి.

మూడోది కాలం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో కోడ్ అర్థం మారిపోవచ్చు, ఒక భాగం ఆగిపోయి దాని బదులు ఇంకోటి రావచ్చు. పాతదాన్ని చెరిపేస్తే పాత మెషిన్ ఉన్నవాళ్లకి తప్పు చెప్తారు. వికీడేటాలో ఒక వాక్యానికి మొదలైన తేదీ, ముగిసిన తేదీ తగిలించే వీలుంది చూడండి, అలా మీ ఎడ్జ్‌లకి కూడా "ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు" పెట్టండి. దాంతోపాటు "ఎక్కడి నుంచి తెలిసింది" అన్నది కూడా: ఏ పత్రం, ఏ పేజీ, ఏ వాక్యం. మూలం లేని ఎడ్జ్‌ని గ్రాఫ్‌లోకి రానివ్వకూడదు, ఇది మా టీమ్‌లో రాజీ లేని నియమం.

ఇప్పుడు ఎల్‌ఎల్‌ఎంతో తీయించొచ్చా అన్న ప్రశ్న. తీయించొచ్చు, కానీ అది వరసలో రెండోది. ముందు మీ సంస్థలో ఇప్పటికే పట్టికల రూపంలో ఉన్నది వెతకండి. తయారీ విభాగం దగ్గర ఏ మోడల్‌లో ఏ భాగాలున్నాయో చెప్పే బిల్ ఆఫ్ మెటీరియల్స్ తప్పకుండా ఉంటుంది. స్పేర్ పార్ట్స్ వాళ్ల దగ్గర ఏ భాగానికి ఏది ప్రత్యామ్నాయమో ఎక్సెల్ ఉంటుంది. మీరు పీడీఎఫ్‌లోంచి చెమటోడ్చి లాగాలనుకున్నవాటిలో పెద్ద వాటా అక్కడ శుభ్రంగా కూర్చుని ఉంటుంది. అడగడానికి మొహమాటపడి ఎల్‌ఎల్‌ఎం మీద ఖర్చుపెట్టిన టీమ్స్‌ని చూశాను.

మాన్యువల్స్‌లో మాత్రమే ఉన్నవాటికి, అంటే ఇబ్బందికీ కారణానికీ చర్యకీ ఉన్న సంబంధాలకి, ఎల్‌ఎల్‌ఎం బాగా పనికొస్తుంది. అయితే "ఈ పేజీలో ఉన్న సంబంధాలన్నీ తీయి" అని వదిలేయకండి. ఒక పేజీలో "కలిగి ఉంది", ఇంకో పేజీలో "భాగంగా ఉంటుంది", మరో పేజీలో "అమర్చబడింది" అని మూడు వేర్వేరు ఎడ్జ్‌లు పుట్టిస్తుంది. వారం తిరిగేసరికి వందల రకాల ఎడ్జ్‌లు, ఏ క్వెరీకీ, అంటే గ్రాఫ్‌ని అడిగే ఏ ప్రశ్నకీ, చిక్కవు. మీ ఏడు నోడ్ రకాలూ, పన్నెండు ఎడ్జ్ రకాలూ ప్రాంప్ట్‌లో ఇచ్చి, వీటికి బయట ఏదీ రాయొద్దని చెప్పండి. ప్రతి ఎడ్జ్‌తో పాటు అది దొరికిన వాక్యాన్ని యథాతథంగా ఇవ్వమనండి. తర్వాత ఆ వాక్యం నిజంగా ఆ పేజీలో ఉందో లేదో మామూలు కోడ్‌తో సరిచూడండి. ఎల్‌ఎల్‌ఎం కల్పించిన వాటిలో చాలావరకు ఈ చిన్న జల్లెడలోనే ఆగిపోతాయి. మిగిలినవాటిలో భద్రతకి సంబంధించినవన్నీ, అంటే కరెంటు, వేడి, నీళ్ల ఒత్తిడి ఉన్నవి, ఒక టెక్నీషియన్ చూశాకే లోపలికి వెళ్లాలి.

వచ్చిన పేర్లని ఉన్న నోడ్స్‌తో కలపడం ఉంది చూశారూ, అసలు శ్రమంతా అక్కడే. దీన్నే ఎంటిటీ రిజల్యూషన్ అంటారు. "డ్రెయిన్ పంపు", "నీళ్లు వదిలే పంపు", "పంపు అసెంబ్లీ", "డీ. పంప్" ఈ నాలుగూ ఒకటేనా? పేర్లు దగ్గరగా ఉన్నాయని కలిపేయాలనిపిస్తుంది. ఒకసారి మేం అలాగే కలిపాం. పేరు ఒకటే, వోల్టేజీ వేరు. కొన్ని వారాల పాటు బాట్ ఒకరి పంపు ఇంకొకరికి సిఫారసు చేసింది, డబ్బాలు వెనక్కి రావడం మొదలయ్యాక గానీ మాకు తెలియలేదు. అప్పటి నుంచి నా పద్ధతి: రెండు వేర్వేరు వస్తువుల్ని కలిపేయడం, ఒకే వస్తువుని రెండుగా ఉంచడం కన్నా చాలా ప్రమాదం. రెండుగా ఉంటే బాట్ సగం తెలుసుకుని సగం తెలియదంటుంది. కలిసిపోతే ధైర్యంగా అబద్ధం చెప్తుంది.

అందుకని పార్ట్ నంబరు లాంటి గట్టి ఆనవాలు కలిస్తేనే యంత్రం తనంతట తాను కలపాలి. పేర్లు మాత్రమే కలిస్తే మనిషి ముందు పెట్టాలి. కలిపినప్పుడు కూడా ఒక నోడ్‌ని చెరిపేయకండి. రెండూ ఉంచి "ఇవి రెండూ ఒకటే" అనే ఎడ్జ్ గీయండి, క్వెరీ సమయంలో దాన్ని ఒకటిగా చూడండి. తప్పని తేలిన రోజు ఆ ఒక్క ఎడ్జ్ తీసేస్తే సరిపోతుంది. చెరిపేసి ఉంటే ఏ సమాచారం ఏ నోడ్ నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

సరే, గ్రాఫ్ తయారైంది. సంభాషణ దగ్గరికి వద్దాం.

ఒకాయన "మెషిన్ మూత తెరుచుకోవట్లేదు, ఏదో ఇ4 అంటోంది" అని టైప్ చేశారనుకోండి. ముందు ఈ మాటల్ని గ్రాఫ్‌లోని నోడ్స్‌తో ముడిపెట్టాలి, ఎంటిటీ లింకింగ్ అంటారు. తెలుగుకి ఇక్కడ సొంత చిక్కులున్నాయి. పంపుని, పంపుకి, పంపులోంచి, పంపేమో... విభక్తులు మాటకి అతుక్కుని వస్తాయి, కాబట్టి పేర్ల జాబితాతో అక్షరాలు పోల్చే పద్ధతి నిలవదు. దానికితోడు సగంమంది తెలుగుని ఇంగ్లీషు లిపిలో కొడతారు, ఎవరి స్పెల్లింగ్ వాళ్లది. మాటని మూలరూపానికి తేవడం, లిపి మార్చడం ఎల్‌ఎల్‌ఎం బాగా చేస్తుంది, ఆ పని దానికివ్వండి. ఆ మూలరూపాన్ని ఏ నోడ్‌తో కలపాలన్నది మాత్రం గ్రాఫ్‌లోని పేర్ల జాబితా నుంచే రావాలి. జాబితాలో మాన్యువల్ భాషే కాకుండా జనం భాష కూడా ఉండాలి. లాగ్స్ చదివేటప్పుడు కనబడిన ప్రతి వాడుక పేరునీ అక్కడే చేర్చుకుంటూ పోండి.

పై వాక్యంలో ఇంకో విశేషం ఉంది. ఆయన "డోర్" అనలేదు, "మూత" అన్నారు. పైనుంచి బట్టలు వేసే మెషిన్లకే జనం ఎక్కువగా మూత అంటారు. అంటే మోడల్ పేరు చెప్పకపోయినా ఒక ఆనవాలు ఇచ్చేశారు. ఇ4 కోడ్ ఉండి, మూత పైన ఉన్న మోడల్స్ ఎన్ని అని గ్రాఫ్‌ని అడిగితే ఇ4 ఉన్న పద్నాలుగు మోడల్స్ కాస్తా మూడుకి దిగొచ్చు. వెక్టర్ సెర్చ్‌కి ఇలా వడకట్టడం చేతకాదు.

మూడు మిగిలాయి, ఇప్పుడేం చేయాలి? చాలా బాట్లు ఇక్కడ "దయచేసి మీ మోడల్ నంబరు తెలపండి" అంటాయి. మోడల్ నంబరు తరచూ మెషిన్ వెనక, గోడవైపు, చిన్న స్టిక్కర్ మీద ఉంటుంది. మనిషి విసుక్కుని ఫోన్ చేస్తాడు. దీనికి బదులు, ఆ మూడు మోడల్స్‌కీ తేడా ఉన్న ఆనవాలు ఏదో గ్రాఫ్‌నే అడగండి, అందులో కంటికి కనబడేది ఎంచుకోండి: "ముందువైపు గుండ్రంగా తిప్పే నాబ్ ఉందా, లేక అన్నీ బటన్లేనా?" ఒక్క చూపుతో జవాబొస్తుంది, మూడు కాస్తా ఒకటవుతుంది. ఇందుకోసం మోడల్ నోడ్స్‌కి కంటికి కనబడే ఆనవాళ్లని, అంటే రంగు, నాబ్, తెర, మూత ఎటు తెరుచుకుంటుంది వంటివి, ప్రత్యేకంగా నింపుకోవాలి. మాన్యువల్స్‌లో ఇవి వాక్యాల్లో ఉండవు, బొమ్మల్లో ఉంటాయి. ఇద్దరు కూర్చుని రెండు రోజులు నింపితే అయిపోతుంది. మొత్తం ప్రాజెక్టులో పెట్టిన శ్రమకి ఇంత ఫలితం ఇచ్చిన పని నాకింకోటి గుర్తులేదు.

మూడు మోడల్స్‌కీ జవాబు ఒకటే అయితే అడగనే అక్కర్లేదు, నేరుగా చెప్పేయండి. అది కూడా గ్రాఫ్‌కి ముందే తెలుస్తుంది.

సంభాషణ సాగుతున్నకొద్దీ తేలిన విషయాలని ఒక చిన్న పట్టీలో ఉంచుకోవాలి: ప్రస్తుతం మాట్లాడుతున్న మెషిన్ ఫలానా ఐడీ, కోడ్ ఫలానా ఐడీ, ఇదివరకే చెప్పిన చర్యలు ఫలానావి. తర్వాత ఆయన "అది మార్చాలంటే ఎంతసేపు పడుతుంది?" అంటే, "అది" ఏంటో ఈ పట్టీలోంచి తెలుస్తుంది. పాత సంభాషణంతా ప్రాంప్ట్‌లో పెట్టేస్తే ఎల్‌ఎల్‌ఎమే చూసుకుంటుంది కదా అంటారు. నాలుగు మాటల వరకు చూసుకుంటుంది. ఆయన మధ్యలో "మా చెల్లెలి మెషిన్‌లో కూడా ఇంతే" అన్నారంటే రెండు మెషిన్లు కలగాపులగం అవుతాయి. ఐడీలతో ఉన్న పట్టీలో రెండో మెషిన్ రెండో వరసగా విడిగా నిలబడుతుంది.

వస్తువులు తేలాక క్వెరీ. ఎల్‌ఎల్‌ఎంతోనే గ్రాఫ్ క్వెరీ రాయించడం ఇప్పుడు ఫ్యాషన్. డెమోలకి బాగుంటుంది. నిజమైన వాడకంలో బాణం దిశ తిరగేస్తుంది, స్కీమాలో లేని ఎడ్జ్ పేరు పుట్టిస్తుంది. అంతకన్నా ప్రమాదం ఏంటంటే, తప్పులేకుండా నడిచి వేరే ప్రశ్నకి జవాబు తెచ్చే క్వెరీ రాస్తుంది. మీ రెండు వందల ప్రశ్నల్ని మళ్లీ చూడండి, ఓ పాతిక ముప్పై మూసల్లో ఇమిడిపోతాయి. ఆ మూసలకి క్వెరీలు మీరే రాసి పరీక్షించి పెట్టండి. ఏ మూస, అందులో ఏ ఐడీలు అన్నది ఎంచుకోవడం వరకే ఎల్‌ఎల్‌ఎం పని. ఏ మూసకీ చిక్కని ప్రశ్న వస్తే అప్పుడు స్వేచ్ఛగా క్వెరీ రాయనివ్వొచ్చు, కానీ చదివే అనుమతి మాత్రమే ఇచ్చి, సమయానికి హద్దు పెట్టి, స్కీమాతో సరిచూశాకే నడపండి.

వచ్చిన వరసల్ని మూలవాక్యాలతో సహా ఎల్‌ఎల్‌ఎంకిచ్చి జవాబు రాయించండి. ఇక్కడ అందరూ తట్టుకుని పడే రాయి ఒకటుంది: క్వెరీకి ఏమీ రాకపోతే దాని అర్థం "లేదు" కాదు, "మా దగ్గర రాసి లేదు" అని. "ఈ పంపు ఏ9కి సరిపోతుందా?" అంటే ఎడ్జ్ దొరకలేదని "సరిపోదు" అనేస్తే అది అబద్ధం కావచ్చు. నిజంగా సరిపోదని తెలిసినవాటికి "సరిపోదు" అనే ఎడ్జ్‌నే విడిగా గీయండి. అప్పుడు బాట్‌కి మూడు జవాబులుంటాయి: అవును, కాదు, తెలియదు. మూడోదానికి మనిషికి అప్పజెప్పే దారి ఉండాలి. మీ మేనేజర్‌కి "తెలియదు" అనే బాట్ మొదట్లో నచ్చకపోవచ్చు, వెనక్కొచ్చిన డబ్బాల లెక్క చూపించండి.

మీరు గ్రాఫ్‌ఆర్‌ఏజీ గురించి కూడా అడిగారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ 2024లో బయటపెట్టిన పద్ధతి అది. ఎల్‌ఎల్‌ఎంతో పత్రాలన్నిటిలోంచి ఎంటిటీలు, సంబంధాలు లాగి, దగ్గరి సంబంధమున్నవాటిని లైడెన్ అల్గారిథమ్‌తో గుంపులు చేసి, ఒక్కో గుంపుకీ ముందే సారాంశం రాయించి పెడుతుంది. "ఈ వేల ఫిర్యాదుల్లో ప్రధానంగా కనబడే సమస్యలేంటి?" లాంటి మొత్తం మీద అడిగే ప్రశ్నలకి అది బాగుంటుంది. "నా మెషిన్‌లో ఇ4 ఏంటి?" అన్నదానికి అది తగిన పనిముట్టు కాదు. పైగా మొదట్లోనే ఎల్‌ఎల్‌ఎంని లెక్కలేనన్నిసార్లు పిలవాలి, ఖర్చు ముందే చూసుకోండి.

పరీక్షించేటప్పుడు "జవాబు ఒప్పా తప్పా" అని ఒక్క మార్కు వేయకండి. సరైన వస్తువు పట్టిందా, సరైన క్వెరీ ఎంచుకుందా, వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పిందా అని మూడు మార్కులు విడివిడిగా వేయండి. మా దగ్గర ఎప్పుడు చూసినా తప్పుల్లో ఎక్కువ భాగం మొదటిదాంట్లోనే తేలేవి. అయినా టీమ్ మాత్రం మూడోదాని కోసం ప్రాంప్ట్ మారుస్తూ కూర్చునేది, ఎందుకంటే ప్రాంప్ట్ మార్చడం సరదా.

డేటాబేస్: మీ దగ్గర ఇప్పటికే పోస్ట్‌గ్రెస్ లాంటి మామూలు టేబుళ్ల డేటాబేస్ ఉంటే అందులో నోడ్స్‌కి ఒక టేబుల్, ఎడ్జ్‌లకి ఒక టేబుల్, పేర్లకి ఒక టేబుల్. మీ సైజుకి ఇది హాయిగా సరిపోతుంది. ఎన్ని అడుగులు నడవాలో ముందు తెలియని క్వెరీలు ఎక్కువైనప్పుడు గ్రాఫ్ డేటాబేస్ గురించి ఆలోచించండి. అప్పుడు రెండు దారులు. బయటి సంస్థల డేటాతో కలవాలనుకుంటే ఆర్‌డీఎఫ్ అనే డేటా రూపం, దాని క్వెరీ భాష స్పార్‌క్వెల్. ఇల్లు దాటని డేటా అయితే నియోఫోర్‌జే లాంటి ప్రాపర్టీ గ్రాఫ్, ఎడ్జ్‌ల మీద తేదీలు, మూలాలు పెట్టుకోవడం అందులో సులువు. ప్రాపర్టీ గ్రాఫ్‌ల క్వెరీ భాషకి జీక్యూఎల్ పేరుతో 2024లో ఐఎస్ఓ ప్రమాణం కూడా వచ్చింది కాబట్టి, ఒక కంపెనీకి కట్టుబడిపోతామేమోనన్న టెన్షన్ మునుపటంత లేదు.

కాలం సంగతి. లాగ్స్ చదవడానికి ఒక వారం. మోడల్, కోడ్, భాగం పట్టికలు సంపాదించి ఐడీలు, వాడుక పేర్లు పెట్టడానికి రెండు వారాలు. లింకింగ్, ఎదురు ప్రశ్న, సంభాషణ పట్టీ ఇంకో రెండు మూడు వారాలు. ఇక్కడ ఆగి, ఎక్కువమంది వాడే ఒక్క సిరీస్‌కి మాత్రమే బయటికి వదలండి. అప్పటికి గ్రాఫ్‌లో మాన్యువల్స్‌లోంచి ఎల్‌ఎల్‌ఎం తీసిన ఎడ్జ్ ఒక్కటీ ఉండకపోయినా పర్లేదు. మోడల్ తేలాక ఆ మోడల్ పత్రాల్లోనే వెక్టర్ సెర్చ్ చేయిస్తే మీ ఇప్పటి బాటే చాలా మెరుగవుతుంది. ఎల్‌ఎల్‌ఎంతో తీయడం ఆ తర్వాత, సిరీస్ వెంట సిరీస్.

ఆపైన దీన్ని ఎవరు చూసుకుంటారన్నది ఇప్పుడే తేల్చుకోండి. కొత్త మోడల్ విడుదలైన రోజే గ్రాఫ్‌లో దాని నోడ్ ఉండాలి, లేకపోతే బాట్ దాన్ని పాత మోడల్‌కి ముడిపెట్టేస్తుంది. గూగుల్ చేతిలో ఉన్న ఫ్రీబేస్ లాంటి పేరున్న గ్రాఫే 2016లో మూతపడింది, మనదెంత. సాఫ్ట్‌వేర్ టీమ్‌కి ఈ పని ఇవ్వకండి, స్పేర్ పార్ట్స్‌లో రోజూ ఆ నంబర్లతో బతికే ఒకరికి ఇవ్వండి, వారికి తేలికైన ఒక ఫారం చేసిపెట్టండి. ఏ నోడ్‌కీ ముడిపడని మాటల జాబితా ప్రతి సోమవారం వారి ముందుకి రావాలి. కొత్త వాడుక పేర్లు, కొత్త మోడల్స్ అన్నీ ముందు అందులోనే కనబడతాయి. ఒక సోమవారం ఆ జాబితా ఖాళీగా వస్తే సంబరపడకండి, లాగ్ రాసే కోడ్ ఆగిపోయిందేమో చూడండి. మాకు ఒకసారి మూడు వారాలు అలాగే ఖాళీగా వచ్చింది, మేం పార్టీ కూడా చేసుకున్నాం.